ఏదో గోల చేస్తోంది

నేలమాళిగ, లిఫ్టు పక్క గది
సోమవారం

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఫోను ముట్టనని భీష్మించుకు కూర్చున్న మనిషి కాగితం మీదైనా పలికారు, అదే పదివేలు. అక్క పోయిన కబురు ఆసుపత్రివాళ్ళు మీకు ఆ ఫోనులోనే చెప్పారు. దాని మొహం చూడాలనిపించకపోవడంలో వింతేముంది? నేను బలవంతం చెయ్యను. అక్క ఉన్నన్నాళ్ళూ వారం వారం తను చేసే ఫోనుతోనే మన ముగ్గురి క్షేమసమాచారాలూ నడిచిపోయాయి. ఇప్పుడు తను లేదు. మనమిద్దరమే ఏదో దారి చూసుకోకపోతే ఇంకో ఏడాదికి మీరెవరో, నేనెవరో. నాకు మిగిలిన బంధువు మీరొక్కరే, కాబట్టి ఈ ఉత్తరాలు ఆగకూడదు.

పోస్టాఫీసులో ఆవిడ నేను స్టాంపులు అడిగితే తెగ సంబరపడి "ప్రేమలేఖలా అండీ?" అంది. "మా బావగారికండీ" అన్నాను. పాపం, ఆవిడ ఉత్సాహం నీరుగారిపోయింది.

ఇంతకీ నేను రోజంతా ఏం చేస్తానని అడిగారు. ఈ ఆఫీసులో ఎవరి కంప్యూటర్‌కి ఏం వచ్చినా నాకు కంప్లైంట్ రాస్తారు, కిందికి ఫోనూ చేస్తారు. అక్క నన్ను కంప్యూటర్ డాక్టరని అందరికీ చెప్పుకునేది. డాక్టరు నయం, వచ్చినవాడు నొప్పి ఎక్కడో వేలు పెట్టి చూపిస్తాడు. నాకొచ్చేవి వినండి. "పనిచేయట్లేదు." అంతే, ఏది పనిచేయట్లేదో ఉండదు. "మళ్ళీ వచ్చింది." ఏం వచ్చింది? "నిన్నటిలాగే." నిన్న నేను సెలవులో ఉన్నాను. ఒకాయన "అర్జెంట్" అని రాసి మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టాడు, కింద ఖాళీ. "పనిచేయట్లేదు" అన్న పెద్దమనిషి కోసం లిఫ్టు పాడైన రోజున అయిదో అంతస్తు ఎక్కి వెళ్ళాను. చూస్తే పనిచేయనిది కుర్చీ. "ఇది కంప్యూటర్ కాదండీ" అంటే, "కంప్యూటర్ ముందేగా ఉంది!" అన్నాడు.

ఈ విద్యలో ఒక కిటుకుంది బావగారూ. "ఏమైందండీ?" అని అడగకూడదు. అడిగితే "ఏదో అయింది" అంటారు. "తెరమీద ఏం రాసుందో ఉన్నదున్నట్టు చదవండి" అనాలి. సగం రోగం అక్కడే కుదురుతుంది.

నాతో పాటు ఈ గదిలో కూర్చునే పెద్దాయన రిటైరయ్యాడు. ఆయన చోట ఎవర్నీ వెయ్యరట. మధ్యాహ్నం డబ్బా విప్పుకుంటే లిఫ్టు మోటారు చప్పుడే తోడు. మీరెలా ఉన్నారో రాయండి.

మీ చంటి


వంటింటి బల్ల దగ్గర
ఆదివారం సాయంత్రం

చంటికి ఆశీస్సులు.

నీ కుర్చీ పెద్దమనిషిని తలుచుకుని కారులో నవ్వాను. నా పక్కన డ్రైవింగ్ నేర్చుకుంటున్న కుర్రాడు తననే అనుకుని బ్రేకు తొక్కాడు.

నా బతుకు నీకు తెలిసిందే. పక్క సీట్లో కూర్చుని, ఎవరో నడుపుతుంటే నా కాలి కింద రెండో బ్రేకు పెట్టుకుని ఊరంతా తిరగడం. నాకూ ఉన్నారు నీ వాళ్ళలాంటివాళ్ళు. మొన్న ఒక టీచరమ్మ నడిరోడ్డు మీద "సార్, ఏదోలా ఉంది" అంది. గుండెపోటేమోనని బండి పక్కకి లాగించాను. ఆవిడకి తుమ్ము వస్తోంది, అంతే. స్టీరింగ్ పట్టుకుని తుమ్మొచ్చో లేదో తెలియదట.

ఇల్లు బాగానే ఉంది. నేను బాగానే ఉన్నాను. మీ అక్క ప్రూఫులు దిద్దుకునే బల్ల అలాగే ఉంచాను. స్కూలు పుస్తకాల కట్టలు ప్రెస్సువాళ్ళు పట్టుకుపోయారు. కంప్యూటర్ మాత్రం ఉంది. తను వదిలేసినప్పుడు ఎలా వెలుగుతోందో అలాగే వెలుగుతోంది. ఆపడానికి చెయ్యి రాలేదు, పైన దుమ్ము తుడుస్తున్నాను.

అన్నట్టు, అది ఏదో గోల చేస్తోంది. పెద్దదేం కాదు. ఎప్పుడైనా ఇటు వచ్చినప్పుడు చూద్దువుగాని.

నీ బావ


నేలమాళిగ
గురువారం

బావగారికి నమస్కారాలు.

మీరు కూడా మా ఆఫీసు బాపతేనా! "ఏదో గోల చేస్తోంది, పెద్దదేం కాదు." ఈ మాటని పటం కట్టించి గోడకి తగిలించాలి. ఏ గోలండీ? ఈలా? ఫ్యాను రొదా? గంటా? ఎప్పుడెప్పుడు? అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఏం కావాలో చెప్పందే బావమరిది మాత్రం ఏం చేస్తాడు?

దీనికోసం అంత దూరం ప్రయాణమెందుకు, ఉత్తరం మీదే బాగుచేసి చూపిస్తాను. నా పనితనం అక్క ఎప్పుడూ కళ్ళారా చూడలేదు, మీరైనా చూడండి.

మాకు కొత్త మేనేజరు వచ్చాడు. మాటకి ముందు ఒక పట్టిక, తర్వాత ఒక పట్టిక చూపిస్తాడు, అందుకని పట్టికల దొర అని పేరు పెట్టాను. పేరైతే పెట్టాను గానీ చెప్పుకుని నవ్వుకోవడానికి గదిలో ఎవరూ లేరు. మీకే చెప్తున్నాను. వివరాలు లేని కంప్లైంట్లని ఇకమీదట తీసుకోనక్కర్లేదని ఆయన అంటున్నాడు. ఆయన నోట్లో చక్కెర పొయ్యాలి.

మీ చంటి


వంటింటి బల్ల
ఆదివారం సాయంత్రం

చంటికి ఆశీస్సులు.

నువ్వడిగినదానికి జవాబు. అది గంట. చిన్న గంట, మూడుసార్లు మోగుతుంది. వారానికోసారి. మోగినప్పుడు తెరమీద ఒక మూల ఏవో అక్షరాలు వస్తాయి. కాసేపు ఉండి అవే పోతాయి.

అది మోగాక నాకు వేరే పని తోచదు. ఇలా కాగితం ముందేసుకుని కూర్చుంటాను. దాన్ని ఏం చెయ్యాలంటావు? నీకు తెలుస్తుందని అడుగుతున్నాను.

టీచరమ్మకి లైసెన్సు వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకొచ్చి "మీరు పక్కన లేకపోతే భయమండీ" అంది. అందరూ అదే అంటారు. లైసెన్సు వచ్చాక ఒక్కరూ మళ్ళీ కనిపించరు. అదే మంచిదిలే, మళ్ళీ కనిపించారంటే నేను సరిగ్గా నేర్పలేదన్నమాట.

ఈ మధ్య ఇంట్లో పైకి మాట్లాడటం మర్చిపోతున్నాను. పొద్దున కారెక్కి మొదటి మాట అనేసరికి గొంతు బొంగురుపోయి ఉంటోంది.

నీ బావ


నేలమాళిగ
మంగళవారం

బావగారికి నమస్కారాలు.

దొరికింది దొంగ! అది జబ్బు కాదు. అక్క పనిలో ఏదో గడువు గుర్తుచెయ్యడానికి గంట పెట్టుకుని ఉంటుంది. ప్రూఫులు పంపే రోజో, ప్రెస్సువాళ్ళ బిల్లో. పని చేసే మనిషి లేకపోయినా ఆ పిచ్చి యంత్రానికి తెలియదు కదా, మోగిస్తూనే ఉంటుంది. పాపం, మీరు వారం వారం ఆ చప్పుడు భరిస్తూ కూర్చున్నారు.

ఇలా చెయ్యండి. ఈసారి అది మోగి అక్షరాలు రాగానే, వాటి పక్కన గంట బొమ్మ ఉంటుంది. దానిమీద నొక్కండి. రెండు మాటలు వస్తాయి, పైన "ఆపు", కింద "తీసేయి". మీరు "ఆపు" నొక్కండి. "నిజంగానా?" అని అడుగుతుంది, "అవును" అనండి. అంతే. ఇక ఆ గోల ఉండదు.

ఉత్తరం మీద కంప్యూటర్ బాగుచేసినవాడు ఈ భూమ్మీద ఇంకెవడైనా ఉన్నాడేమో కనుక్కోండి.

పట్టికల దొర అన్నంత పనీ చేశాడు. ఇప్పుడు కంప్లైంట్ రాయాలంటే ఏ యంత్రం, ఏ భాగం, ఎప్పట్నుంచి, ఏం చేస్తుంటే అన్నీ నింపాలి. ఒక్కటి వదిలినా "వివరాలు చాలవు" అని దానంతటదే తిరిగిపోతుంది. నా దాకా రాదు. ప్రాణం హాయిగా ఉంది.

మీ చంటి


వంటింటి బల్ల
ఆదివారం

చంటికి,

నువ్వు రాసినట్టే చేశాను. "నిజంగానా?" అని అడిగింది. అవునన్నాను. ఆగిపోయింది.

నీ పని నీకు బాగా వచ్చు. చాలా శ్రమ తీసుకున్నావు.

నీ బావ


నేలమాళిగ
బుధవారం

బావగారికి నమస్కారాలు.

నేను జవాబు రాసి చాలా వారాలైంది. దారిలో పోయిందేమోనని ఇది మళ్ళీ రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉందా? కొత్తగా ఎవరైనా కారుని స్తంభానికి గుద్దారా?

ఇక్కడ గది బావురుమంటోంది. కంప్లైంట్లు పది వస్తే గొప్ప. పట్టికల దొర మీటింగులో గీత కిందికి దిగడం చూపించి నా భుజం తట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కిందికొచ్చి కూర్చున్నాను. లిఫ్టు మోటారు తప్ప ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ళూ ఈ ఫోను ఒక్క పూట మోగకపోతే బాగుండునని దండం పెట్టుకున్నవాణ్ణే. నిన్న అది పాడైందేమోనని ఎత్తి చూశాను, బాగానే ఉంది.

నేనుండే అద్దె గదికి వెళ్ళినా ఇదే తంతు. ఒంటికాయ సొంఠికొమ్ముగాణ్ణి, తలుపు తీస్తే పొద్దున వదిలిన గ్లాసు వదిలిన చోటే ఉంటుంది. మీ ఉత్తరం వచ్చిన రోజు గుమ్మంలోనే నిలబడి చదివేవాణ్ణి. రెండు మాటలైనా రాయండి బావగారూ.

మీ చంటి


రెండో అంతస్తు, మెట్ల మీద
శుక్రవారం

బావగారికి,

ఈ ఉత్తరానికైనా జవాబు రాయాలి. ఎందుకో చెప్తాను.

ఈ పొద్దున ఊసుపోక అంతస్తులన్నీ తిరిగాను. జీతాల లెక్కలు చూసే ఆవిడ మెడ ఓ పక్కకి తిప్పి పనిచేస్తోంది. ఏమిటా అని చూస్తే తెర ఎడమ సగం నల్లగా ఉంది. కుడి సగంలోనే అన్నీ కుక్కుకుని కానిచ్చేస్తోంది. "ఎన్నాళ్ళనుంచండీ?" అన్నాను. "చాలా రోజులైందండీ, అలవాటైపోయింది" అంది.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ. సగమే ఉంది అని రాశాను. వివరాలు చాలవని తిరిగొచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ తిరిగొచ్చింది. ఏం వివరాలు రాయాలో నాకు తెలిస్తే మీతో పనేముందండీ?"

ప్రతి అంతస్తులోనూ ఇదే కథ. ఒకాయన అచ్చు కావలసిన కాగితాలన్నీ పక్క ఆఫీసుకి పట్టుకెళ్ళి తీయించుకుంటున్నాడు. కుర్చీ పెద్దమనిషి నిలబడి పనిచేస్తున్నాడు. ఎవరి బాధా తీరలేదు బావగారూ, చెప్పడం మానేశారు. నేనేమో కింద కూర్చుని హాయిగా ఉందనుకున్నాను.

ఆవిడ తెర మార్చి వస్తూ మెట్ల మీద ఆగిపోయాను. మీరు గుర్తొచ్చారు. మీరు ఏదో గోల అన్నారు, నేను ఆపే పద్ధతి రాశాను, మీరు ఆగిపోయిందన్నారు. అక్కడితో మీ ఉత్తరాలూ ఆగిపోయాయి. ఊళ్ళో వాళ్ళందర్నీ అడిగే మాట నేను మిమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. బిల్లో, ప్రూఫులో అని నా అంతట నేనే అనేసుకున్నాను.

ఇప్పుడు అడుగుతున్నాను. ఆ గంట మోగినప్పుడు తెరమీద ఏం రాసుండేది? ఉన్నదున్నట్టు చెప్పండి.

చంటి


వంటింటి బల్ల
ఏ వారమో చూసుకోలేదు

చంటీ,

తెరమీద ఇప్పుడు లేదు గానీ నాకు కంఠస్థం. "చంటికి ఫోన్. వాడే చేస్తాడని కూర్చోవద్దు."

అంతే ఉండేది. ఆదివారం సాయంత్రం మోగేది. మీ అక్క ప్రూఫుల్లో తల దూర్చిందంటే ఆదివారమో బుధవారమో తెలిసేది కాదు, అందుకని తనకోసం తను పెట్టుకుంది. నువ్వు చిన్నబుచ్చుకుంటావని ఏం రాసుందో నీకు రాయలేదు. రాద్దామని రెండుసార్లు కూర్చుని, ఏవో అక్షరాలు అని రాసి ఊరుకున్నాను.

తను పోయిన వారం కూడా మోగింది. నువ్వప్పుడు ఇంట్లో లేవు. ఇంటినిండా జనం ఉన్నారు, ఎవరిదో ఫోననుకున్నారు. నేను వెళ్ళి చదివాను. ఆ పని ఇప్పుడు నాది కదా అనుకున్నాను. ఫోను చెయ్యలేకపోయాను, కొన్ని వారాలకి ఉత్తరం రాశాను. నీకు నేను రాసిన ప్రతి ఉత్తరమూ ఆ గంట మోగాక రాసిందే.

నేను నిన్ను అడిగింది ఆపమని కాదు. నువ్వొకసారి వచ్చి దాని ముందు కూర్చుంటే మోగుతుంది, నువ్వే చదువుకుంటావు, నేను నోరు విప్పనక్కర్లేదు అనుకున్నాను. నువ్వేమో అంత వివరంగా, అంత సరదాగా పద్ధతి రాసి పంపావు. కాదనడం బాగోదనిపించింది. ఏం చెయ్యాలని అడిగింది నేనేగా, నువ్వు చెప్పినట్టే నొక్కేశాను.

తర్వాతి ఆదివారం ఇదే బల్ల దగ్గర కూర్చున్నాను. కాగితం తెచ్చుకున్నాను, పెన్ను తెచ్చుకున్నాను. ఏమీ మోగలేదు. ఏం రాయాలో తెలియలేదు. చీకటి పడ్డాక లేచి భోంచేశాను. అలాగే ఆ తర్వాతి వారమూ. నీ ఉత్తరాలు అందాయి. చదివి ఆవిడ బల్ల మీద పెట్టాను. నీమీద కోపం లేదురా. నాకు చెయ్యి ఆడలేదు.

నీ బావ


నేలమాళిగ
శనివారం, ఆఫీసులో ఎవరూ లేరు

బావగారికి,

మీ ఉత్తరం జేబులో పెట్టుకుని సెలవు రోజున కూడా ఆఫీసుకి వచ్చాను. గదిలో చదివితే గోడలకి వినపడేలా ఏడుస్తానేమోనని. ఇక్కడ ఏడ్చాను. లిఫ్టు ఆగి ఉంది కాబట్టి నా చప్పుడు నాకే వినపడి సిగ్గేసింది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. ఆ బల్లిని నేనే. ముందు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది, దాచను. నన్ను తలుచుకోవడానికి అక్కకి గంట కావలసొచ్చిందా అని. ఓ పూటంతా తనతో మనసులో పోట్లాడాను. తర్వాత ఆలోచిస్తే, కాగితాల్లో పడి తిండి కూడా మర్చిపోయే మనిషి, తిండికి గంట పెట్టుకోలేదు, నాకు పెట్టింది. ఇంకేం కావాలి నాకు?

గంట ఎక్కడికీ పోలేదు బావగారూ. మీ చేత "ఆపు" నొక్కించాను, "తీసేయి" కాదు. అక్క రాసిన మాట అక్షరం పోకుండా లోపలే ఉంది. మళ్ళీ మోగేలా చెయ్యొచ్చు. కావాలంటే పద్ధతి రాస్తాను.

కానీ ఈసారి అడక్కుండా రాయను. నేను ఊహించేసుకున్న సంగతి ఇంకొకటి ఉంది. మీరు ఫోను ముట్టకపోవడం ఆసుపత్రి కబురు వల్లేనని మొదటి ఉత్తరంలో నేనే అన్నాను, మీరు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అది నిజమేనా? నిజమైతే సరే. కాకపోతే ఎందుకో చెప్పండి. ఎంత తలాతోకా లేకుండా రాసినా ఫరవాలేదు. వివరాలు చాలవని తిప్పి పంపను.

ఆఫీసులో ఇప్పుడు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని ఆరంతస్తులూ తిరుగుతున్నాను. కంప్లైంట్లు మళ్ళీ పెరిగి పట్టిక పాడైందని దొర నన్ను పిలిచి చీవాట్లు పెట్టాడు. పెట్టనీ.

చంటి


వంటింటి బల్ల
మంగళవారం

చంటీ,

ఆసుపత్రి ఫోను వల్ల కాదు. నువ్వలా అనుకున్నావు, నాకూ తేలికైంది, ఊరుకున్నాను.

తను పోయిన తర్వాతి వారం నువ్వు ఫోను చేశావు. గుర్తుందా? నేను ఎత్తాను. నువ్వు "ఆఁ... చెప్పండి" అన్నావు. ఫోను చేసింది నువ్వు, చెప్పమంటున్నదీ నువ్వే. మీ అక్క కూడా అంతే. ఎవరికి ఫోను చేసినా తనే "ఆఁ... చెప్పు" అనేది, ఆ "ఆఁ" ని అలాగే సాగదీసేది. గొంతులు వేరు గానీ మాట తీసే తీరు మీ ఇద్దరిదీ ఒక్కటే. మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం, నవ్వబోయే ముందు ఆగడం కూడా. నేను ఫోను పెట్టేశాను. లైను పోయిందనుకున్నావు నువ్వు. ఆ రోజునుంచి దాన్ని కట్టేసి అలమరలో పడేశాను. నీ మాట వింటే నేను నిలబడలేనని భయం.

ఇప్పుడు వేరే భయం పట్టుకుంది. నెల రోజులుగా తన మాట ఎలా ఉండేదో గుర్తుచేసుకుంటుంటే సరిగ్గా రావడం లేదు. అన్న మాటలు గుర్తున్నాయి. అన్న తీరు జారిపోతోంది. అది ఈ భూమ్మీద ఇంకొక్క మనిషి దగ్గరే ఉంది, ఆ మనిషికే నేను ఫోను ఎత్తడం లేదు.

గంటకి పద్ధతి ఏమీ రాయకు. అది మీ అక్క తనకోసం పెట్టుకున్నది, అలాగే ఉండనీ. ఫోను బయటికి తీసి చార్జింగు పెట్టాను. ఈ ఆదివారం సాయంత్రం నేనే చేస్తాను. నాకు గొంతు పెగలకపోవచ్చు. అవతల ఏ చప్పుడూ లేకపోతే లైను పోయిందనుకుని పెట్టేయకు. ఏమైందని కూడా అడగకు. మీ ఆఫీసు సంగతులో, ఆ కుర్చీ ఆయన సంగతో, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. నేను వింటూ ఉంటాను.

నీ బావ